నీడ పడకూడదని

నేను ఒక గాలిమరను. గాలి వీచినంతసేపే ఆ పేరు. గాలి ఆగితే గొట్టం కొనకు తగిలించిన మూడు రెక్కల దిష్టిబొమ్మను. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అనే మనుషుల్ని చాలామందిని చూశాను. నేను గాలితోనే దీపం పెట్టేదాన్ని, దేవుడి మీద భారం వెయ్యకుండా. అంత గొప్ప చెప్పుకున్నదాన్ని చివరికి ఏమయ్యానో వినండి. నాకు తొందరేమీ లేదు. ఇప్పుడు నేను ఎంత తిరిగినా ఒక్క బల్బు కూడా వెలగదు.

పుట్టింది ఏదో చలిదేశపు కార్ఖానాలో. కడుపులో రాగితీగ చుట్టి, అయస్కాంతాలు పేర్చి, ముందు మూడు నల్లని రెక్కలు, వెనక ఒక తోక పెట్టారు. గాలి ఎటు తిరిగితే అటు ముఖం తిప్పడం నా ధర్మం. మనుషుల్లో ఈ గుణం ఉంటే గాలివాటం మనిషని తిడతారు. నన్ను ఆ గుణం చూసే కొన్నారు.

మొదట కొన్నవాడు తెల్లగడ్డం ఒంటరి మనిషి. అతనికొక తెరచాప పడవ ఉండేది. చేపలు పట్టేది కాదు, సరుకు మోసేది కాదు. లోపల పడుకోవడానికి మంచం, వండుకోవడానికి పొయ్యి, చిన్న ఫ్రిజ్, కరెంటు దాచుకునే బ్యాటరీలు ఉన్న తేలే కొంప. యాట్ అంటారు దాన్ని. దాని వెనక అంచున గొట్టం నిలబెట్టి నన్ను కూర్చోబెట్టాడు. నేను రొద పెడుతూ తిరుగుతుంటే అతనికి ఊరట. పక్కన ఎవరో మాట్లాడుతున్నట్టు ఉండేది కాబోలు. అలా సముద్రాలు దాటుకుంటూ కొచ్చి రేవు చేరాక అతని మోకాళ్ళు మొండికేశాయి. పడవను, పడవతోపాటు నన్నూ అమ్మేసి విమానమెక్కాడు. వెళ్ళేముందు నా గొట్టాన్ని అరచేత్తో ఒకసారి తట్టాడు. మరకి అంతకంటే మర్యాద ఎవరూ చెయ్యరు.

కొన్నవాడు తెడ్డు పరదేశి, విశాఖపట్నం జాలరిపేట మనిషి. తాతలు తెప్పల మీద వేటకు పోయినవాళ్ళు. తను చదువుకుని, ఎలక్ట్రీషియన్‌గా పెద్ద ఓడలెక్కి, పేరుకు తగ్గట్టే సగం బతుకు పరదేశాల్లో గడిపి, రిటైరై ఇంటికొచ్చాడు. వచ్చినవాడు అరుగు మీద కూర్చుని పేపరు చదువుకోక ఈ పడవ ఎందుకు కొన్నాడంటే, పెళ్ళాం కోసం.

ఆవిడ పేరు నూకరత్నం. ఒడ్డునే పుట్టింది, ఒడ్డునే పెరిగింది, ఒడ్డునే చేపలమ్మింది, ఓడలెక్కిన మొగుడి కోసం ఆ ఒడ్డునే కూర్చుని ఎదురుచూసింది. ఒక్కసారి కూడా నీళ్ళ మీదికి పోలేదు. ఆడది పడవ మీద కాలు పెడితే వేట పడదని వాళ్ళలో కట్టుబాటు. పెళ్ళైన కొత్తలో మొగుణ్ణి ఒకే ఒక్కటి అడిగిందట: "మావా, నీల్ల మీంచి మన పేట ఎలాగుంటదో ఓపాలి సూపిస్తావా?" చూపిస్తానన్నాడు. ఆ మాట చెల్లించేసరికి ఇద్దరి జుట్టూ తెల్లబడింది.

పడవను విశాఖపట్నం తెచ్చి 'రత్నం' అని పేరు రాయించాడు. నూకరత్నం పాదాలకు పసుపు రాసుకుని, కొత్తకోడలు గడప దాటినట్టు, కుడికాలు ముందు పెట్టి ఎక్కింది. పేట పెద్దలు ముఖాలు పక్కకు తిప్పుకున్నారు. వాళ్ళ చూపులు చూసే కాబోలు, ఎక్కగానే ఒక బూడిద గుమ్మడికాయకు పసుపూ కుంకుమా పెట్టి, నల్లగుడ్డ చుట్టి, వలముక్కలో పెట్టి నా గొట్టానికి వేలాడదీసింది. నా రెక్కలకు దిగువన, ఎవరికీ అడ్డం లేకుండా అది ఊగుతూ ఉండేది. నాకూ అదొక గౌరవంగానే అనిపించింది.

ఒడ్డు దూరమవుతుంటే ఆవిడ పేటనే చూస్తూ నిలబడింది. రంగురంగుల ఇళ్ళు, వాటి వెనక కొండ.

"ఇంతేనా మావా. ఇంత సిన్నదా మనూరు. ఈ ఇసక మీద కూకునా నానన్నేళ్ళు నీకోసం ఏడిసింది?"

నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. పరదేశి మాత్రం తెరచాప తాళ్ళతో లేని పని కల్పించుకున్నాడు.

ఆవిడకు షుగరు జబ్బు. రోజూ ఇన్సులిన్ పొడుచుకోవాలి. నెలల తరబడి సరిపోయే మందు ఫ్రిజ్‌లో పెట్టుకుని బయల్దేరారు. డాక్టరు ఒక్కటే షరతు పెట్టాడట, మందు చల్లగా ఉండాలని. వేడి తగిలి పాడైనా చూడ్డానికి అది అలాగే ఉంటుంది, మోసపోవద్దని. అంటే ఫ్రిజ్ ఆగకూడదు. ఫ్రిజ్ ఆగకూడదంటే బ్యాటరీ నిండాలి. బ్యాటరీ నిండాలంటే నేను తిరగాలి. ఇంజిను వేసి నింపుకోవచ్చు గానీ మేం పోయే అండమాన్ దీవుల్లో డీజిలు దొరకడం గగనం. ఆవిడ ప్రాణం తాలూకు తాడు కొస నా రెక్కలకు కట్టి ఉందన్నమాట.

నడిసముద్రంలో నేను ఆ నమ్మకం నిలబెట్టుకున్నాను. పగలూ రాత్రీ తిరిగాను. అండమాన్ చేరాం. పోర్ట్‌బ్లెయిర్‌లో నూకరత్నం చెల్లెలు ముత్యాలు కాపురం ఉంటోంది. కొన్నాళ్ళు అక్కడ ఆగి, తర్వాత ఒక చిన్న దీవి పక్కన, మూడువైపులా కొండలున్న చోట లంగరు వేశారు. పెద్ద అలలు రావు. పడవకు అంతకంటే భద్రమైన తావు లేదు. కాకపోతే అల రాని చోటికి గాలి కూడా రాదు. రోజుల తరబడి నా రెక్కలు కదిలేవి కావు. ఉన్నట్టుండి కొండ మీంచి ఒక విసురు దిగేది. అప్పుడు నేను పిండిమరలా గోల పెట్టేదాన్ని. గొట్టం వణికేది, గొట్టంతోపాటు పడవ వెనక భాగమంతా వణికేది. ఆ వణుకు సరిగ్గా నూకరత్నం తలగడ కిందికి పోయేది.

"తిరగాల్సినప్పుడు తిరగదు, తొంగున్నప్పుడు పేనం తీస్తది. దీనికంటే మా అత్తే నయం," అంది ఒక ఉదయం.

పరదేశి నవ్వాడు. నవ్వుతూనే ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టి చూసి, నవ్వు మానేశాడు. లోపల చల్లదనం తగ్గింది. న్యాయం చెప్పాలంటే తప్పు నాదే. నడిసముద్రంలో ఎంత గొప్పదాన్నైనా, ఆ చోట నేను సగానికి సగం దండగ.

"సూరీడైతే పిలవకుండానే రోజూ వస్తాడు," అంది ఆవిడ. "గాలికి మన మీద దయ పుట్టాల."

"వానలు పడితే సూరీడేటి సేస్తాడే?"

"మబ్బెనకాలుంటాడు. ఎక్కడికీ పోడు."

"రెండూ ఉంటే బాగున్ను," అని గొణుక్కున్నాడు పరదేశి.

రెండూ కుదరలేదు. చిన్న పడవ. వెనక అంచున ఉన్న చోటు ఒక్కటే. సోలార్ పలక పెట్టాలంటే నా కిందే పెట్టాలి. అప్పుడు నా గొట్టం నీడ, తిరిగే రెక్కల నీడ దాని మీద పడతాయి. పలక స్వభావం పరదేశికి తెలుసు. ఒక మూల కొంచెం నీడ పడితే ఆ మూల ఒక్కటే కాదు, దాదాపు పలకంతా పని మానుకుంటుంది. గంపలో కుళ్ళిన చేప ఒక్కటున్నా బేరమంతా చెడిపోయినట్టు. "నీడన్నది పడకూడదే దాని మీద. గోరంత కూడా పడకూడదు," అని పెళ్ళానికి పాఠం చెప్పి మరీ నన్ను గొట్టంతో సహా ఊడదీశాడు.

గోనెలో చుట్టి నన్ను వెనక బల్లపెట్టెలో పడేశారు. మూత చెక్కల సందుల్లోంచి లోకం చీలికలుగా కనిపించేది. పోర్ట్‌బ్లెయిర్ నుంచి పలకను తెచ్చి బిగించాడు. నల్లగా నిగనిగలాడుతూ ఉంది, మూగది. కదలదు, మెదలదు, చప్పుడు చెయ్యదు. అలాంటి కోడలంటే ఎవరికైనా ఇష్టమే.

ఇక మిగిలింది గుమ్మడికాయ. దాన్ని కట్టిన గొట్టం పోయింది. దిష్టికాయను నేల మీద పెట్టరు. నూకరత్నం చుట్టూ చూసింది. తెరచాప కొయ్య కొన నుంచి పడవ వెనక్కి దిగే ఒక ఉక్కుతాడు ఉంది. దానికి కట్టింది. ఆ తాడు సరిగ్గా పలక పైనుంచి పోతుంది. ముడి గట్టిగా పడిందో లేదోనని పరదేశే లాగి చూశాడు. పలక తీగలు బ్యాటరీకి కలిపింది ఆ తర్వాత.

ఎలక్ట్రీషియనై ఉండి ఆ మాత్రం కనపడలేదా అని మీరు అనుకోవచ్చు. కనపడలేదు. పుట్టినప్పటినుంచి ప్రతి గుమ్మానికీ, ప్రతి పడవకూ చూస్తున్న వస్తువు కంటికి ఆనదు. నేను పరాయిదాన్ని కాబట్టి నా నీడ కనపడింది. గుమ్మడికాయ ఇంటిది. నా నీడకు భయపడి నన్ను పెట్టెలో పెట్టినవాళ్ళు, దాని నీడకు బొట్టు పెట్టి దండం పెట్టారు. నాకు గాలి తగిలితే నోరు చేసుకుని చెప్పేదాన్ని. పెట్టెలోకి గాలి రాలేదు.

బ్యాటరీ దగ్గర, ఎంత కరెంటు వస్తోందో చూపే ముల్లు మీటరు ఒకటి ఉండేది. తీగలు కలపగానే ముల్లు కొంచెం లేచి ఆగిపోయింది.

"ఇంతేనేటి?" అంది నూకరత్నం.

"మబ్బుగా ఉంది కదే. ఎండొస్తే పెరుగుతాది."

ఎండ రాలేదు, వానాకాలం వచ్చింది. నైరుతి గాలి కొండలు దాటుకుని వచ్చి పడవ మీద పడింది. తాళ్ళు ఈల వేశాయి. అది నా గాలి. నేను పుట్టింది దానికోసమే. పెట్టె మూత మీదుగా అది రోజూ పోతుంటే వింటూ పడి ఉన్నాను. అంత దుఃఖం నేనెప్పుడూ ఎరగను. మబ్బులు విడిచిన రోజున కూడా ముల్లు పెద్దగా లేవలేదు. కొత్తగా వచ్చిన రోజునుంచీ అంతే కాబట్టి, దాని శక్తే అంత అనుకున్నాడు పరదేశి. తెల్లారేసరికి ఫ్రిజ్ ఆగేది, ఎండెక్కాక మళ్ళీ మొదలయ్యేది. మందు వెచ్చబడి, చల్లబడి, మళ్ళీ వెచ్చబడింది. చూడ్డానికి అలాగే ఉంది. నూకరత్నం అదే పొడుచుకుంది.

ఆవిడకు దాహం ఎక్కువైంది. రక్తంలో షుగరు చూసుకునే పట్టీలు చెమ్మకు పాడైపోయాయి. ఒకరోజు దీవి ఒడ్డున దిగినప్పుడు ముత్యపుచిప్పలాంటిదేదో కుడిపాదం అడుగున గీసుకుంది.

"ఏటే, కాలీడుస్తున్నావు?"

"సిప్ప గీసింది. అదే మానిపోద్దిలే."

మానలేదు. మొగుడు లోపల వంట చేస్తుండగా ఆవిడ నా పెట్టె మీద కూర్చుని కట్టు విప్పి చూసుకునేది. చెక్కల సందుల్లోంచి నేనూ చూశాను. "సెప్తే ఎనక్కి తిప్పేస్తాడు. మల్లీ ఆ ఇసకే," అని తనలో తాను అనుకుని, మళ్ళీ గుడ్డ చుట్టుకునేది. ఎన్నేళ్ళో కోరుకుని ఎక్కిన పడవ దిగడం ఆవిడకు ఇష్టం లేదు.

జ్వరం వచ్చి మాట తడబడ్డాకగానీ పరదేశికి తెలియలేదు. ఉన్న డీజిలంతా పోసి ఇంజిను వేసుకుని పోర్ట్‌బ్లెయిర్ చేరాడు. ఆస్పత్రిలో ఏం జరిగిందో నేను చూడలేదు. బట్టల కోసం పడవకు వచ్చిన ముత్యాలు ఎవరితోనో చెబుతుంటే విన్నాను. ఆ మందు ఎప్పుడో చచ్చిందట. ఇన్నాళ్ళూ మా అక్క నీళ్ళు పొడుచుకుందని ఏడ్చింది. కుడికాలు మోకాలి కింద తీసేశారు.

మర్నాడు పరదేశి ఒక్కడే వచ్చాడు. వానలు వెలిసి ఆకాశం కడిగినట్టు ఉంది. గుమ్మడికాయ కుళ్ళి, పలక మీద రసం కారుతోంది. కుళ్ళిన దిష్టికాయ ఉంచకూడదు కాబట్టి ముడి విప్పి దాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. పలకను తడిగుడ్డతో తుడిచాడు. అప్పుడు ఎందుకో మీటరు వంక చూశాడు.

ముల్లు ఆ చివరకు పోయి నిలబడి ఉంది.

పరదేశి గుమ్మడికాయను ఎత్తి మళ్ళీ ఆ తాడు దగ్గర పట్టుకున్నాడు. ముల్లు పడిపోయింది. తీశాడు. లేచింది. మళ్ళీ పట్టుకున్నాడు. అలా ఎన్నిసార్లు చేశాడో నేను లెక్కపెట్టలేదు. చివరకు ఆ కుళ్ళిన కాయను ఒళ్ళో పెట్టుకుని నా పెట్టె మీద కూలబడ్డాడు. చొక్కా అంతా రసం. గొంతు ఎత్తి ఏడవలేదు. పెట్టె మూత మాత్రం వణికింది. అంతకుముందు పడవను వణికించే పని నాది.

పడవ అమ్మేశాడు. పలక పడవతోనే పోయింది. నన్ను మాత్రం కొన్నవాళ్ళు వద్దన్నారు. సామాన్లతోపాటు ఓడలో జాలరిపేట చేరాను. నూకరత్నమే అడిగిందట, "ఆ రొదల మారిదాన్ని మేడ మీద పెట్టు మావా, పడవ మీదున్నట్టుంటది," అని. పెట్టాడు. తీగలు దేనికీ కలపలేదు. సముద్రపు గాలికి ఇక్కడ కొరత లేదు, రోజంతా తిరుగుతూ ఉంటాను. కింద అరుగు మీద ఆవిడ చేతికర్ర పక్కన పెట్టుకుని కూర్చుని, ఇసక అవతల నీళ్ళను చూస్తూ ఉంటుంది.

ఫ్రిజ్ ఎందుకు ఆగిందని ఆవిడ అడగకపోలేదు. "సవగ్గా వస్తాదని తక్కువరకం పలక కొన్నాను. తప్పు నాదే," అన్నాడు పరదేశి. ఆవిడ నమ్మింది. అప్పట్నుంచీ వచ్చినవాళ్ళందరి ముందూ అతని పిసినారితనం తన కాలు తినేసిందని దులిపేస్తుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఈ మనిషి దొంగతనం చెయ్యకుండానే రోజూ తడుముకుంటున్నాడు. నిజం తెలిసింది అతనికీ నాకూ మాత్రమే. అతను చెప్పడు. నేను ఎంత గోల పెట్టినా అది వట్టి గాలిమర రొద.

నిన్న అమావాస్య. గుమ్మానికి కొత్త కాయ కట్టిస్తూ ఆవిడ పక్కింటామెతో అంటోంది: "పడవ మీద ఇది కట్టబట్టే కాలుతో పోనాదమ్మా. నేకపోతే పేనమే పోను. కదా మావా?"

"అవునే," అన్నాడు పరదేశి, పీట మీద నిలబడి.

ముడి వేశాడు. లాగి చూశాడు. కిందికి దిగి, దాని నీడ ఎక్కడ పడుతోందో ఒకసారి చూసుకున్నాడు.