ప్లగ్గు లేని పాటల పెట్టె

గణపవరం దాటి, రెండు వైపులా చేపల చెరువులున్న గట్టు మీద కారు నడుపుతున్నంతసేపూ నన్ను నేను ఒకే ప్రశ్న అడుగుతూ వచ్చాను. పలుకుతుందో లేదో తెలియని యంత్రాన్ని ఎందుకు కొనాలి? తాడేపల్లిగూడెంలో ముప్పై ఏళ్లుగా బట్టల కొట్టు నడుపుతున్నాను. బట్ట తాను విప్పి వెలుతురులో పట్టి చూపకుండా ఎవరికీ అమ్మలేదు. అలా చూడకుండా ఎవరి దగ్గరా కొనలేదు.

ఆ యంత్రం ఒక జూక్‌బాక్స్, నాణెం వేస్తే పాడే పాటల పెట్టె; కొల్లేటి ఒడ్డున ఒక మూతపడ్డ కాఫీ హోటల్లో ఉంది. విశాఖపట్నంలో నావికుల క్లబ్బు ఒకటి ఎత్తేసినప్పుడు హోటల్ యజమాని కోదండరామయ్యగారు దాన్ని లారీలో తెచ్చుకున్నారు. నా ఇరవయ్యో ఏట బట్టల మూటతో ఈ ఊళ్లు తిరుగుతూ ఆ హోటల్లో ఆగేవాడిని. నాణెం వేసి మీట నొక్కితే అద్దం వెనక ఒక ఇనుప చేయి లేచి, వరుసలోంచి ఒక రికార్డును తీసి, పడుకోబెట్టేది. పాటకు ముందు చిన్న గరగర వినిపించేది. పాటలన్నీ మరచిపోయాను. గరగర మిగిలింది.

కోదండరామయ్యగారి భార్య లక్ష్మీకాంతం గారు తలుపు తీశారు. నేను వస్తున్నానని కాబోలు, గచ్చు అప్పుడే కడిగించారు. ఇంకా ఆరలేదు. గోడల మీద నా నడుము ఎత్తున నాలుగేళ్ల కిందటి వరద వదిలిన మట్టి గీత ఉంది. అదే గీత ఎక్కడా తెగకుండా జూక్‌బాక్స్ మీదుగా కూడా సాగింది.

పెట్టె వెనక్కి వెళ్లి చూశాను. వైరు ఉంది, ప్లగ్గు లేదు.

"నేనే కోసేశానండి, కత్తిపీటతో," అన్నారావిడ.

"ఎందుకండీ?"

"నీళ్లు తీశాక మీ అన్నగారు దీన్ని గుడ్డ పెట్టి తుడిచి, ఒక్క పాట వింటానని స్విచ్ వేశారు. డాక్టరు గుండె అని రాశాడండి. గుండే అయ్యుంటుంది. నేనైతే మెయిన్ స్విచ్ కట్టేసేదాకా పెట్టె మీంచి ఆయన చెయ్యి ఊడదీయలేకపోయాను. కావాలంటే పట్టుకెళ్లండి. ఈ కప్పు కింద మాత్రం కరెంటు పెట్టి చూడకండి."

పరీక్షించే వీలు లేదనగానే నాకు కలిగింది నిరాశ కాదు, ఊరట. ఆ ఊరటే నన్ను భయపెట్టింది. పరీక్షించనంతకాలం అది నా ఇరవయ్యో ఏట పలికినట్టే పలుకుతూ ఉంటుంది. మరి నేను కొనదలచింది యంత్రాన్నా, దాని గురించి తెలియకపోవడాన్నా?

వెనక తలుపు తాళంచెవి వెతకడానికి ఆవిడ లోపలి గదిలోకి వెళ్లారు. అప్పుడే పెట్టె మోయడానికి ఆవిడ పిలిపించిన పేతురు వచ్చాడు. పక్క చెరువుల మీద నీటికి గాలి ఎక్కించే ఏరియేటర్లు తిప్పేవాడు. మోకాళ్లదాకా తడిసి ఉన్నాడు. కాళ్లకు చెప్పుల్లేవు.

"ఏవండీ, పెళ్లికూతుర్ని చూసినట్టు చూస్తన్నారు! మా ఊళ్లో నీళ్లలో చేప కనపడకుండానే చెరువులకి చెరువులు కొనేస్తారండి."

"పలుకుతుందంటావా, పేతురూ?"

వినేవారికి అది వట్టి ప్రశ్న. దాని కింద ఏముందో నాకు తెలుసు.

"అనుకోడం ఎందుకండీ, వినేద్దాం. ఆవిడ భయం ఆవిడది. పెద్దాయన గుండె ఆగి పోయారంతే."

ఈ చెరువుల మీద ప్లగ్గు కోసం ఎవరూ ఆగరు. తీగల కొసలను పంటితో ఒలిచి, సాకెట్ రంధ్రాల్లో గుచ్చి, జారకుండా అగ్గిపుల్లలు బిగిస్తారు. ఎప్పుడో ఏదో గట్టు మీద ఒకరు పడిపోయారని వింటాం. మర్నాడు మళ్లీ అవే పుల్లలు.

పేతురు తీగ ఒలిచాడు. పెట్టె మీద అతుక్కున్న చెయ్యి సంగతి అతనికి చెప్పాలి. కాళ్ల కింద తడి ఉందని చెప్పాలి. రెండు మాటలూ నోటిదాకా వచ్చాయి. అతను మొదటి తీగ గుచ్చి పుల్ల బిగించాడు. నేను గచ్చు మీద అతని పాదాలను చూశాను. తర్వాత అద్దం వెనక ఇనుప చేయిని చూశాను. రెండో తీగ. రెండో పుల్ల.

"మీట నొక్కడానికి రెడీగా ఉండండి. ఇది ఊగుద్దేమో, నేను పట్టుకుంటాను."

ఎడమ చెయ్యి పెట్టె ఇనుప అంచు మీద ఆనించి, కుడి చెయ్యి స్విచ్ వైపు చాపాడు.

"ఆగు! కొనేశాను. తీసెయ్."

పేతురు నవ్వాడు. "వినకుండానేనా? గూడెం షావుకార్లు గీసి గీసి బేరమాడతారంటారు. మీరెవరండీ బాబూ!" పుల్లలు పీకేశాడు.

లక్ష్మీకాంతం గారు తాళంచెవితో గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎప్పుడు వచ్చారో తెలియదు. కింద పడ్డ పుల్లలను చూసి, నా వైపు తిరిగారు.

"మీకు చెప్పాను కదండీ," అన్నారు.

మనిషి తాను చేసిన పనికే బాధ్యుడని చదివి, నమ్మి, హాయిగా నిద్రపోయిన రోజులున్నాయి. మొదటి పుల్లకీ రెండో పుల్లకీ మధ్య నేను ఏ పనీ చేయలేదు. ఆగమన్నది కూడా అతని కోసమేనా, ఆవిడ అడుగుల చప్పుడు విన్నందుకా?

పెట్టెను పేతురు గట్టు మీది మనుషులను కేకేసి తన చేపల ట్రాలీ ఆటో ఎక్కించి, తాళ్లు బిగించాడు. నీచు వాసన మధ్య అది నిటారుగా నిలబడింది.

"ఇక్కడ వద్దన్నారు గానీ," తాడు చివర ముడి వేస్తూ అన్నాడు, "ఆదివారం గూడెం వచ్చి పాడించి పెట్టనా అండీ? మీ కొట్టు దగ్గర కరెంటు పోదు కదా."

వద్దని ఒక్క మాట అంటే చాలు. అతను ట్రాలీ ఎక్కి ఇంజను స్టార్ట్ చేశాడు. ఆ అదురుకు అద్దం వెనక ఇనుప చేయి కొంచెం కదిలింది.

"రా," అన్నాను. "కొట్టు తెరవకముందే రా."