పళ్ళ డాక్టరు వద్దన్న బీమా

పళ్ళ డాక్టరుకి మనుషుల మొహాలు గుర్తుండవు. దవడ పళ్ళు గుర్తుంటాయి. ఒక్కసారి నోరు బార్లా తెరిచి చూపించినవాణ్ణి పదేళ్ళయినా మరిచిపోడు. నోరు మూసుకుంటే మాత్రం సొంత తోడల్లుడైనా కొత్తవాడే. ఒక పెళ్ళిలో ఆ తోడల్లుడు ఎదురొచ్చి పలకరిస్తే, "తమరెవరండీ?" అన్నాడు. ఆయన ఇప్పటికీ మాట్లాడడు.

ఆ రోజు సాయంత్రం ఐదింటిలోగా బీమా కాగితం చేతిలో పెట్టకపోతే క్లినిక్ గది చెప్పుల కొట్టుకి ఇచ్చేస్తానన్నాడు బిల్డింగు ఓనరు. అతని కోపానికి కారణం ఉంది. క్లినిక్ మేడ మీద. కింద ఫోటో స్టూడియో. పైన రోగులు పుక్కిలించి ఉమ్మే గిన్నె గొట్టం కారి, కింద ఫోటోకి కూర్చున్న పెద్దమనిషి బట్టతల మీద ఒక చుక్క పడింది. కదలొద్దన్నారని ఆయన కదల్లేదు. రెండో చుక్కకి కదిలాడు.

బీమా ఏజెంటు పోయిన వారమే రెండుసార్లు వచ్చాడు. నీళ్ళు కారి పాడైతే ఇచ్చే నీళ్ళ బీమాకి పేచీ లేదు. పేచీ అంతా వైద్యంలో పొరపాటు జరిగితే ఇచ్చే బీమా దగ్గర. అది లేకుండా డాక్టర్లకి పాలసీ ఇవ్వదు కంపెనీ.

"నా చేతిలో పొరపాటా? ఇరవై ఏళ్ళలో ఒక పన్నుకి బదులు ఇంకో పన్ను పీకి ఎరగను," అన్నాడు డాక్టరు.

"అందరూ అదే అంటారండీ. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు."

"నా చేతులు కాలవు. గ్లవుజులున్నాయి."

గంటసేపు ఇదే గొడవ. చివరికి మెషిన్లన్నీ చూశాక ఆఖరి మాట చెబుతానని ఏజెంటు లేచాడు.

ఇవాళ మూడోసారి వచ్చాడు. బయటి బల్ల దగ్గర కూర్చునే డాక్టరు మేనత్త అతన్ని కూర్చోబెట్టి, బకెట్టు పట్టుకుని స్టూడియోలోకి దిగింది. మెట్లెక్కిన ఆయాసానికి ఏజెంటు చెంప చేతికి ఆనించి కూర్చున్నాడు. డాక్టరు తలుపు తీసి చూశాడు. చెంప మీద చెయ్యి. ఇంకేం కావాలి?

"రండి రండి. లోపల కుర్చీ ఖాళీగానే ఉంది."

"సరేనండీ, ముందు కుర్చీయే చూద్దాం," అని ఏజెంటు ఎక్కి కూర్చున్నాడు. కుర్చీ వెనక్కి వాలింది. లైటు మొహం మీద పడింది. ఆ లైటు పడ్డాక నోరు తెరవమని ఎవరూ చెప్పక్కర్లేదు. దానంతటదే తెరుచుకుంటుంది.

కింది దవడలో ఒక పుచ్చు పన్ను. డాక్టరు మనసు నిండిపోయింది. ఒకసారి పనిలో పడ్డాక ఆయన మాట్లాడడమే గానీ వినడం ఉండదు.

"చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

ఏజెంటు కాళ్ళు కొట్టుకున్నాడు.

"అందరూ కొట్టుకుంటారు," అన్నాడు డాక్టరు, సూది దించి తీస్తూ.

మేనత్త పైకొచ్చింది. బకెట్టు చేతిలోంచి జారింది.

"ఒరేయ్ అల్లుడూ! ఏజెంటు గారి నోట్లో నీకేం పనిరా?"

"ఈయన ఏజెంటా?"

"మూడోసారి రావడంరా!"

"ఇంతకు ముందు నోరు తెరవలేదు కదత్తా!"

"గంటసేపు వాగాడు కదరా!"

"ముందు పళ్ళే కనబడ్డాయి. లోపలివి చూస్తేగా!"

"బాగుంది సంబడం. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. పాలసీ ఇచ్చే నోరే పడగొట్టావు. కుట్టుకో ఇక చెప్పులు."

గడియారం నాలుగున్నర చూపిస్తోంది. ఏజెంటు లేచి కూర్చున్నాడు. సగం మొహం అతని మాట వినడం లేదు. కింది పెదవి ఆరేసిన బట్టలా వేలాడుతోంది. ఏదో తిట్టబోయాడు. చొంగ కారింది. ఇక లాభం లేదని ఫారం తీశాడు. నీళ్ళ బీమాకి టిక్కు పెట్టాడు. తర్వాత పొరపాటు బీమా గడి మీద కలం ఆనించి డాక్టరు వైపు చూశాడు.

డాక్టరు మేనత్త వైపు చూశాడు. మేనత్త బకెట్టు వైపు చూసింది.

"పెట్టండి," అన్నాడు డాక్టరు గొణుగుతూ.

కాగితం చిరిగేటంత గట్టిగా పెట్టాడు ఏజెంటు. కింద ఇంకో ప్రశ్న ఉంది: ఇంతకు ముందు పొరపాట్లు ఏమైనా జరిగాయా?

డాక్టరుకి అబద్ధం చేతకాదు. "ఇప్పటిది కూడా రాయాలాండీ?"

ఏజెంటు చాలాసేపు ఆలోచించి తనే రాశాడు: 'ఒకటి. పాలసీ ఇవ్వడానికి వచ్చిన మనిషికి మత్తు సూది వేశారు. పన్ను మాత్రం నిజంగానే పుచ్చింది.' సంతకం చేసి, సంచీలోంచి స్టాంపు తీసి గుద్దాడు. ఎక్కించుకున్న మత్తు వృథా పోవడం దేనికని మళ్ళీ కుర్చీలో వాలి నోరు తెరిచాడు.

ఐదింటికి ఓనరు వచ్చాడు. కాగితం రెండుసార్లు చదివాడు.

"ఎవరికయ్యా ఈ సూది?"

కుర్చీలోంచి ఒక చెయ్యి పైకి లేచింది.

ఓనరు ఆ చేతిని చూశాడు, డాక్టరు చేతిలో పటకారు చూశాడు. కాగితం జేబులో పెట్టుకుని గుమ్మం దాకా వెనక్కి వెనక్కి నడిచాడు. అక్కడ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని చెప్పుల కొట్టతనికి ఫోన్ చేశాడు.

"గది లేదయ్యా. వేరే చోట చూసుకో."