లచ్చన్న చెప్పిన సున్నా

ఇరవై ఏళ్లుగా ఒమన్ సైట్లలో తాపీ పని చేస్తున్న లచ్చన్నకు ఒక్క అరబ్బీ మాట బాగా అలవాటు: తమామ్, అంటే అంతా బాగుందని. జ్వరమొచ్చినా తమామ్, నడుం పట్టేసినా తమామ్. బాగాలేదన్నవాణ్ణి కంపెనీ ఇంటికి పంపేస్తుందని అతని నమ్మకం.

అక్కడి ఆసుపత్రిలో అతని అరిగిన తుంటి కీలు మార్చే ముందు డాక్టరు వివరంగానే చెప్పాడు. నొప్పి తెలియకుండా చేసే ఇంజెక్షన్లు రెండు రకాలున్నాయి, ఏది మేలో పోల్చి చూస్తున్నాం, నీకు ఏది వెయ్యాలో చీటీ తేలుస్తుంది అని. లచ్చన్న సగం విని, తమామ్ అని సంతకం పెట్టాడు.

పొద్దున ఆపరేషన్ అయింది. అదే పూట అదే ఆపరేషన్ అయిన పక్క మంచం నర్సింగ్ సాయంత్రానికి వాకర్‌తో నాలుగడుగులు వేశాడు. లచ్చన్న కాలెత్తబోయాడు. వేళ్లు ఆడాయి గానీ తొడ కదల్లేదు. గిల్లుకున్నా తెలియలేదు. కాలు చచ్చిపోయిందని అతనికి పై ప్రాణాలు పైనే పోయాయి.

అప్పుడే నర్సు సమ్రీన్ వచ్చింది. కడప పిల్ల.

“నొప్పి ఎంతుందన్నా? పదికి ఎంతో చెప్పు.”

“సున్నా.” అది మాత్రం నిజం.

“కాలెత్తు చూద్దాం.”

లచ్చన్న దుప్పటి కింద చెయ్యి దూర్చి మోకాలిని పైకి లాగాడు. సమ్రీన్ రాసుకుంది.

“అయితే లేచి నిలబడు.”

అతను కుడితిలో పడ్డ ఎలుకలా అయ్యాడు. పాదం కింద పెట్టాడు. మోకాలు కుప్పకూలింది. సమ్రీన్ ఒడిసి పట్టుకోకపోతే కొత్త కీలు ఊడిపోయేదే.

“కాలు పోయింది బిడ్డా! చేత్తోని లేపిన. కంపెనోళ్లకు చెప్పకు, నీ కాల్మొక్త!”

సమ్రీన్ కూడా బెదిరిపోయింది. “ఎంత పని చేస్తివన్నా! నీకేసింది తొడంతా మొద్దుబారే సూది. నర్సింగన్నకు కీలు నొప్పి ఒక్కటే ఆపేది. రేపటికి నీ కాలు నీకొస్తాది. నువ్విట్లా అబద్ధమాడితే ఏ సూది మంచిదని రాయాల?” అంటూ రాసింది కొట్టేసింది.

లచ్చన్న తలూపాడే గానీ నమ్మలేదు.

మర్నాడు పొద్దున తొడలో నిప్పు పెట్టినట్టు నొప్పి లేచింది. పళ్లు బిగించి ఓర్చుకుంటుండగా కంపెనీ సూపర్‌వైజర్ వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

“తమామ్, లచ్చన్నా?”

ఆ మాట గొంతు దాకా వచ్చింది. ఎదురుగా సమ్రీన్ పెన్ను పట్టుకుని చూస్తోంది.

“ఎనిమిది,” అన్నాడు లచ్చన్న ఏడుస్తూ. “ఎనిమిది రాయి బిడ్డా! సూడు, కాలు లేస్తంది.”

దుప్పటి తన్నేసి, అందరికీ కనబడేలా చేతులు రెండూ పైకెత్తి, కాలు జానెడు లేపాడు.