వెనక చక్రాల తుప్పు

మోకాలి ఆపరేషన్‌కి విశాఖపట్నం వెళ్తూ వెంకటరావు తన తల్లి జోగమ్మనూ, పాత కారునూ తమ ఊళ్లోనే ఝపటాపూర్ పేటలో ఉండే తమ్ముడు శ్రీనివాస్ ఇంట్లో వదిలాడు. షుగరు వల్ల జోగమ్మ కుడికన్ను మసకబారుతోంది. నెలకోసారి కంట్లో ఇంజెక్షన్ వేయించాలి. కారు ఇచ్చింది అందుకే.

"వానల్లో హేండ్ బ్రేక్ లాగి వదిలీకురా. తుప్పట్టి బ్రేక్ షూలు చక్రంలోని డ్రమ్ముకి అతుక్కుపోతాయి. గేర్లో పెట్టి చక్రం కింద ఇటుక ఎట్టు. వారానికోసారైనా బండి తియ్యి" అని మరీ మరీ చెప్పాడు. ముప్ఫై నాలుగేళ్లు రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్ల బ్రేకులు విప్పి బిగించిన మనిషి.

"ఠీక్ హై అన్నా" అన్నాడు శ్రీనివాస్, ఫోన్లోంచి తలెత్తకుండానే.

కాలి వాపు తగ్గక వెంకటరావు మూడు నెలలు అక్కడే ఉండిపోయాడు. ఫోన్ చేసినప్పుడల్లా "ఈ నెల సూది అయిపోనాది" అనేవాడు తమ్ముడు. "బాగున్నాన్రా, నీ కాలు సూసుకో" అనేది తల్లి.

తిరిగొచ్చి చూస్తే కారు అంగుళం కదల్లేదు. వెనక చక్రాలు రెండూ బిగుసుకుపోయాయి.

"మొన్న ఆదివారమే పట్టీసింది. అమ్మని హాస్పిటల్‌కి తీసుకెళ్లొచ్చినాక" అన్నాడు శ్రీనివాస్. "పాత ఇనుము అన్నా. కబాడీవాడికి ఇచ్చీ."

వెంకటరావు పనిముట్ల పెట్టె తెచ్చుకున్నాడు. కాలు చాపుకుని పీట మీద కూర్చుని పని మొదలుపెట్టాడు. నూనె పోసి, సుత్తితో చుట్టూ తట్టి తట్టి డ్రమ్ము ఊడదీసేసరికి మధ్యాహ్నమైంది. లోపల వేలు పెట్టి గీకాడు. తుప్పు పెచ్చులు పెచ్చులుగా ఒళ్లో రాలింది. తమ్ముణ్ణి పిలిచాడు.

"వారం తుప్పయితే గుడ్డెట్టి తుడిస్తే పోవాల. ఇదేటిరా? షూ ఆకారం డ్రమ్ములో అచ్చుపడిపోనాది. నేనెళ్లిన కాడ్నించీ ఈ బండి కదల్నేదు."

శ్రీనివాస్ చూపు తిప్పుకున్నాడు. "ఆటోలో తీసుకెళ్లినాను."

"ఏ రోజు?"

గుమ్మంలోంచి జోగమ్మ అంది: "ఆడినేటీ అనకు. మొదటి నెల నేనే వానొస్తంది, వద్దులే అన్నాను. తరవాత ఆ మాట ఆడూ ఎత్తలేదు, నేనూ అడగలేదు."

"నాకు సెప్పొచ్చు కదమ్మా!"

"సెప్తే మీరిద్దరూ కొట్టుకుంటారు."

"సెలవు దొరకలేదన్నా. అమ్మే వద్దంది మరి" అన్నాడు శ్రీనివాస్.

వెంకటరావు నూనె చేతులు తుడుచుకుని తల్లి దగ్గరికెళ్లాడు. ఎడమకన్ను మూసుకోమన్నాడు. "నా మొహం కనిపిస్తందా?"

"వెలుతురు తెలుస్తంది" అందామె, అదేదో మంచి కబురైనట్టు.

బట్టలైనా మార్చుకోకుండా ఆటో పిలిచి ఆమెను హాస్పిటల్‌కి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ చాలాసేపు చూసింది. "దాదా, బహుత్ దేర్ కర్ దీ" అంది. చాలా ఆలస్యం చేశారట, కుడికంటి చూపు ఇక రాదు. ఎడమదైనా కాపాడుకోవాలి.

తర్వాతి రెండు రోజులూ అతను కారు పనిలోనే ఉన్నాడు. డ్రమ్ములు గరుకు కాగితంతో రుద్దాడు. గోల్‌బజార్ నుంచి కొత్త షూలు తెచ్చాడు. అవి వెనక రేకుకు ఆనేచోట్ల గ్రీజు పలచగా పూశాడు. తుప్పట్టి కదలకుండా పోయిన హేండ్ బ్రేక్ తీగ మార్చాడు. శ్రీనివాస్ టీ తెచ్చి పక్కన పెట్టాడు.

"నేనో సెయ్యి ఎయ్యనా అన్నా?"

"అక్కర్నేదు."

టీ మీద మీగడ కట్టింది. వెంకటరావు ముట్టుకోలేదు.

మూడో రోజు పొద్దున్నే తల్లి బట్టల సంచి వెనక సీట్లో పెట్టాడు. జోగమ్మ ఒంటికన్నుతో దూరం అందక కారు తలుపు కోసం గాల్లో తడుముకుంది. శ్రీనివాస్ పరుగున వచ్చి చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. ఆమె అతని చెంప నిమిరింది. వెంకటరావు ఎదర అద్దంలోంచి రోడ్డు వంకే చూస్తూ కూర్చున్నాడు.

బండి ఏ శబ్దమూ లేకుండా కదిలింది. పూరీ గేట్‌లో తమ ఇంటి సందు మలుపు తిరుగుతుండగా జోగమ్మ అంది: "ఇల్లు సేరినామని ఆడికో ఫోన్ సెయ్యరా. ఎదురుసూత్తుంటాడు."

వెంకటరావు వినపడనట్టే బండి పోనిచ్చాడు.