జెర్బో నవ్వాడు

నోంగ్మా జుంగ్రానా ఆ నోటుపుస్తకం తెరవడం, మూయడం, మళ్ళీ తెరవడం పొద్దుటినుంచీ సాగుతూనే ఉంది. ఏప్రిల్ నెల. వాగడూగూలో ఏప్రిల్ అంటే గోడకు వీపు ఆనించలేని నెల. కరెంటు పోయి గంట దాటింది. సూర్యశక్తి పరిశోధన కేంద్రంలో కరెంటు పోవడం మీద చెప్పుకోవలసిన హాస్యాలన్నీ ఆ కేంద్రం పుట్టిన ఏడే చెప్పేసుకున్నారు కనుక ఇప్పుడెవరూ ఏమీ అనరు. అట్టముక్కలతో విసురుకుంటారు, అంతే.

"కాస్త కూచోమ్మా. నువ్వలా తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అన్నాడు బాన్సే. పాత కాగితాల గది చూసుకునే మనిషి ఆయన. బీసా జాతివాడు. బీసాలంటే వేరుశనగ పిచ్చివాళ్ళని ఊళ్ళో అందరూ ఆటపట్టిస్తారు. ఆ జాతి పరువు కాపాడటానికన్నట్టు ఆయన జేబులో ఎప్పుడూ వేరుశనగలుంటాయి.

"పదిరోజులే ఉందండీ. కొత్త హాలుకి ఆయన పేరు పెడతారు, ఆయన జీవితం చదవాల్సింది నేను. మర్నాడు పుస్తకం అచ్చుకెళ్ళిపోతుంది. ఈ నలభై ఒక్క రోజులూ ఆయన ఏం చేశాడో నాకింతవరకూ తెలీదు."

ఆయన అంటే డాక్టర్ ఇయసాంత్ తప్సోబా. పేరు విన్నవాళ్ళు తక్కువ. ఊరికి ఉత్తరాన ఉన్న ప్రసూతి ఆసుపత్రి కప్పు మీద ఎండతో నీళ్ళు కాచే పెట్టె ముప్పై ఆరేళ్ళుగా పనిచేస్తోందని చాలామందికి తెలుసు. అది ఎవరి బుర్రలో పుట్టిందో అడిగితే ఫ్రాన్సు వాళ్ళది కాబోలంటారు. నోంగ్మాకు ఒళ్ళు మండేది సరిగ్గా అక్కడే. బడిలో భౌతికశాస్త్రం చెప్పుకుంటూ, సెలవులన్నీ ఈ గది దుమ్ముకు ధారపోసి, మూడేళ్ళుగా ఆయన బతుకును కాగితం కాగితంగా పోగుచేసింది. ఆయన పుట్టిన ఊరు దొరికింది, చదివిన చదువు దొరికింది, పోయిన తేదీ, 1996లో, అదీ దొరికింది. పెట్టె కథ మాత్రం దొరకలేదు.

డాక్టరు నోటుపుస్తకంలో ఉన్నది ఇంతే. 1974 ఫిబ్రవరి 14: "తెల్లవారి ఆరింటికి నీళ్ళు 24 డిగ్రీలు. మళ్ళీ ఓడిపోయాను." ఒక్క పేజీ చిరగలేదు, ఒక్క పేజీ ఖాళీ లేదు. ఆ కిందే మార్చి 27: "తెల్లవారి ఆరింటికి 51. జెర్బో నవ్వాడు."

పగలు కాగిన నీళ్ళు తెల్లారేసరికి చల్లారిపోవడమే డాక్టరుకు పట్టిన చిక్కు. పిల్లలు ఎండ చూసుకుని పుట్టరు కదా. రెండేళ్ళు తేలని ఆ చిక్కు ఈ నలభై ఒక్క రోజుల్లో తేలిపోయింది. నోంగ్మా తన పుస్తకంలో "ఆ రోజుల్లో తప్సోబా ఒంటరిగా, తిండీ నిద్రా మాని శ్రమించాడు" అని రాసేసింది. చూసింది కాదు, ఎవరూ చెప్పిందీ కాదు, ఊహించి రాసింది. ఆ వాక్యం అరికాల్లో ముల్లులా సలుపుతోంది.

"జెర్బో బతికే ఉన్నాడుగా. రేకుల పనివాడు. అడక్కపోయావా?"

"రెండుసార్లడిగాను. ఆయన సామో, నేను మోసీని. ఏం చెబుతాడు? నన్ను బానిసా అన్నాడు, పెట్టె నాదే అన్నాడు, డాక్టరు దొంగవెధవ అన్నాడు. నవ్వుకుని వచ్చేశాను."

మోసీలకూ సామోలకూ మధ్య తాతల నాటినుంచీ వేళాకోళపు వరస. ఇంటిపేరు చెవిన పడితే చాలు, బావామరదళ్ళు కూడా సిగ్గుపడేటంతగా తిట్టుకుంటారు. ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. ఆ వరసే లేకపోతే ఎన్ని తలలు పగిలి ఉండేవోనని పెద్దలంటారు. తప్సోబా మోసీ, జెర్బో సామో.

"ఆ టేపు ఇంకోసారి వేయండి," అంది నోంగ్మా.

1978లో డాక్టరుకు బహుమతి ఇచ్చిన సభ అది. బ్యాటరీలతో నడిచే టేపు రికార్డరులోంచి తప్సోబా సన్నని గొంతు వినిపించింది: "ఈ పెట్టె నాది కాదు. నా బానిస ఆ సామో వాడిది. నేను థర్మామీటరు పట్టుకున్నాను, అంతే." ఆ వెంటనే సభంతా పగలబడి నవ్వింది. ఈ మాటల్ని నోంగ్మా డాక్టరుగారి హాస్యప్రియత్వం అనే అధ్యాయంలో వేసుకుంది. విన్న ప్రతిసారీ నవ్వింది కూడా.

బాన్సే వేరుశనగ పొట్టు ఊదుకుంటూ, "ఇందులో నవ్వేందుకేముందో నాకెప్పుడూ తెలీదమ్మా. మీ వరస మాకు లేదుగా. నాకు మామూలు మాటలాగే వినపడుతుంది," అన్నాడు.

నోంగ్మా టేపు వెనక్కి తిప్పింది. నవ్వుల్ని వదిలేసి మాటలు మాత్రం విన్నది. మళ్ళీ విన్నది. తర్వాత కుర్చీలో కూర్చోలేకపోయింది.

పాత ఇనుము బజారులో మాటకు మాట అందదు, అన్నీ సుత్తుల మోతలే. జెర్బోకు ఎనభై దాటాయి. ఇంకా రేకు కొట్టి నీళ్ళడబ్బాలు చేస్తాడు. ఆమెను చూడగానే సుత్తి ఎత్తి ఊపాడు.

"ఎవరదీ, నా బానిస మనవరాలా? నీళ్ళు మొయ్యడానికి కుండ తెచ్చుకోలేదేం?"

"నా బానిస ఇంకా ఉన్నాడో పోయాడో చూద్దామనొచ్చా. పొద్దున్నే మీ సామోల కుక్క కూర తిన్నట్టున్నావు, గొంతు అలా మొరుగుతోంది."

పక్క కొట్ల వాళ్ళు నవ్వారు. పలకరింపులు అయినట్టే. నోంగ్మా తిరగేసిన డబ్బా మీద కూర్చుంది.

"తాతా, ఇవాళ వేళాకోళం వద్దు. ఆ పెట్టె సంగతి ఉన్నదున్నట్టు చెప్పు."

జెర్బో సుత్తి ఆపాడు. "మోసీదానివి, నాతో వేళాకోళం వద్దంటున్నావా? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరింకేం. నీతో మాట్టాడ్డానికి నాకింకో నోరు లేదే, ఉన్నది ఇదొక్కటే." కాసేపు రేకును అటూ ఇటూ తిప్పి చూశాడు. "మీ డాక్టరు పచ్చకామెర్లొచ్చి ఆసుపత్రిలో పడ్డాడు. నేరే చెట్టు కాయల్లో ఉండే పసుపు గుజ్జులాగ పచ్చగా ఉన్నాడు. చచ్చేట్టున్నాడు కదా, వేడినీళ్ళు చూసి చావనీ పాపం అనుకున్నా. మా ఆవిడ జొన్నబీరు కాచేది. అడుగున కాగింది పైకెక్కడం రోజూ చూసేవాణ్ణి. మరి ఈయన ఎండలో కాగే రేకు కన్నా డ్రమ్ము కింద పెట్టి, నీళ్ళు ఎక్కించడానికి పంపు తగిలించాడు. కరెంటు పోతే పంపూ పోయె. నేను డ్రమ్ము తీసుకెళ్ళి రేకు కన్నా మూరెడు పైన పెట్టా. నీళ్ళు వాటంతటవే ఎక్కాయి."

"మరి తెల్లారేదాకా వేడి ఎలా నిలిచింది?"

"డ్రమ్ములో డ్రమ్ము. మధ్యన బూరుగు దూది. ఇంట్లో ఉన్న దిండ్లన్నీ కోసేశా. మా ఆవిడ నెల్లాళ్ళు నాతో మాట్టాడలా, నెల్లాళ్ళూ తలకింద చెయ్యి పెట్టుకునే పడుకుంది."

నోంగ్మా పకపక నవ్వేసింది. ఆపుకుందామన్నా ఆగలేదు.

"అదిగో, నువ్వూ నవ్వావు," అన్నాడు జెర్బో. అతనూ నవ్వుతూనే అన్నాడు గాని సుత్తి దెబ్బ అక్కర్లేనంత గట్టిగా పడి రేకు చొట్టపోయింది. "ఆడు మాత్రం తక్కువా? ఇరవై రెండేళ్ళు నా ఇంట్లో తిన్నాడు, తాగాడు. ఇది నీది జెర్బో అని మామూలు నోటితో ఒక్కసారి అనలా. అంటే ఆడి సొమ్మేం పోయేది? ఆడు పోయిన రోజున ఆడి తెల్లకోటు తొడుక్కుని, ఆడి కుర్చీలో కూచుని, పాడె ముందే అడిగా, నా పెట్టె నాకు ఎప్పుడిస్తావురా అని. అందరూ కడుపులు పట్టుకున్నారు."

ఆ ఫోటో నోంగ్మా దగ్గరుంది. వరసైనవాళ్ళు చావింట్లో పోయినవాడిలా వేషం కట్టి నవ్వించడం ఆచారం. దాన్ని కూడా ఆమె హాస్యప్రియత్వంలోనే వేసుకుంది.

తిరిగొచ్చేసరికి కరెంటు వచ్చింది గాని ఆమెకు ఫంకా గాలి తగల్లేదు. "పచ్చకామెర్లు. ఆసుపత్రి కాగితాలు ఎక్కడుంటాయి?" అని అడిగింది, గడప దాటకముందే.

"సొంత విషయాల కట్టలో. నువ్వేగా, ఇంటి గొడవలు మనకెందుకులే అని విప్పలేదు."

కట్ట విప్పారు. ఫిబ్రవరి 16న చేరాడు, మార్చి 25న బయటికొచ్చాడు. వైద్యుడి సంతకం, ముద్ర, అన్నీ ఉన్నాయి. ఒంటరిగా, తిండీ నిద్రా మాని ఆయన చేసిందల్లా మంచంలో పడుకోవడం. ఆ చీటీ వెనకే గుండుసూది గుచ్చి ఒక ఉత్తరం. అప్పటి డైరెక్టరుకు తప్సోబా రాసింది. దాన్ని చదివి నోంగ్మా బాన్సేకు అందించింది. ఆయన చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఉత్తరం అంచున ఎర్రసిరాతో డైరెక్టరు రాసిన రెండు ముక్కలున్నాయి: "డాక్టరుగారి సరసం బాగుంది. ఫైలులో పెట్టండి." ఆ డైరెక్టరూ మోసీయే.

తర్వాతి ఏళ్ళలో రాసినవి ఇంకో రెండున్నాయి. వాటి అంచుల మీద ఆ ముక్కలు కూడా లేవు.

నోంగ్మాకు నవ్విన వాళ్ళందరి మీదా కోపం వచ్చింది, అందరికన్నా ఎక్కువ తన మీద. మిగిలిన తొమ్మిది రోజులూ రాసింది కొట్టేసి మళ్ళీ రాసింది. జెర్బోకు మాత్రం ముందుగా చెప్పలేదు. చెప్పబోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

సభ రోజు హాలు కిటకిటలాడింది. వేదిక మీద తప్సోబా ఫోటో, దాని చుట్టూ మంచి చేనేత బట్ట కట్టారు. ముందు వరుసలో జెర్బో ఉతికిన టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. నోంగ్మా మైకు ముందుకొచ్చి, డాక్టరు పుట్టుక, చదువు చదివి, అసలు చోటుకు వచ్చింది.

"ప్రసూతి ఆసుపత్రి పెట్టెను కనిపెట్టింది డాక్టర్ తప్సోబా కాదు. అది మోయిజ్ జెర్బో గారిది."

జుంగ్రానా అనే మోసీ పిల్ల, జెర్బో అనే సామో ముసలాయన. హాలు ఘొల్లుమంది. వెనక ఎవడో చప్పట్లు కొట్టాడు. "నేను వేళాకోళం ఆడటం లేదు," అంది నోంగ్మా. నవ్వు రెట్టింపయింది. పైగా జెర్బోయే లేచి నిలబడి, టోపీ తీసి అందరికీ ఊపుతూ, "చూశారా, ముప్పై ఆరేళ్ళకి నా బానిసలకి బుద్ధొచ్చింది," అన్నాడు. ఇక ఆపడం ఎవరి వల్లా కాలేదు.

ఆమె చేతిలో కాగితం తడిసిపోతోంది. ఒక్క క్షణం అక్కడే ఏడ్చేస్తాననుకుంది. గోడవారన నిలబడి ఉన్న బాన్సే కనిపించాడు. ఆయన ఒక్కడే నవ్వడం లేదు. నోంగ్మా వేదిక దిగి, జనం మధ్యనుంచి వెళ్ళి, ఆయన చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"మీరు చదవండి. మీకు మా ఇద్దరితోనూ వరస లేదు."

బాన్సే జేబులో పొట్టు దులుపుకుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఇంటిపేరుతో సహా తన పేరు చెప్పాడు, బీసానని చెప్పాడు. హాలు కాస్త సద్దుమణిగింది. తర్వాత ఆసుపత్రి తేదీలు చదివాడు. ఆ తర్వాత ఉత్తరం.

"1974 ఏప్రిల్ 2. అయ్యా, నేను జబ్బుపడి ఉండగా రేకుల పనివాడు మోయిజ్ జెర్బో తన సొంత ఆలోచనతో ఈ పెట్టె కట్టాడు. నేను రెండేళ్ళలో చేయలేనిది అతను ఐదు వారాల్లో చేశాడు. కాగితాల్లో అతని పేరే రాయించండి. ఈ మాట అతనితో చెప్పాలని మూడుసార్లు వెళ్ళాను. నేను నోరు తెరవగానే అతను నవ్వుతాడు, అతను నవ్వితే నేనూ నవ్వుతాను. కాగితం మీదయితే ఎవరూ నవ్వరని రాస్తున్నాను. తప్సోబా."



జెర్బో ఇంకా నిలబడే ఉన్నాడు. ఎదురుమాట అనడానికి లేచిన చెయ్యి గాలిలోనే ఉంది. నోంగ్మా పక్కకు వచ్చి నిలబడితే ఆమెను చూశాడు.

"ఎవరూ నవ్వటం లేదేంటమ్మా?" అన్నాడు. ఆమెను బానిసా అనకుండా పిలవడం అదే మొదటిసారి.

"నిజం కాబట్టి, తాతా."

అతను మెల్లగా కూర్చున్నాడు. టోపీని మోకాలి మీద పెట్టి, మడత విప్పి, మళ్ళీ మడిచాడు. "మూడుసార్లొచ్చాడా," అన్నాడు. ఫోటో వైపు చూసి, "నాకు చెప్పడానికి వచ్చాడా వీడు," అన్నాడు. కళ్ళనుంచి నీళ్ళు దిగుతున్నా తుడుచుకోలేదు. ఆ తర్వాత బాన్సే వైపు తిరిగి చెయ్యి ఎత్తాడు.

"ఇంకోసారి చదువు నాయనా. నేను నవ్వన్లే."

బాన్సే కాగితం సరిచేసుకుని, తేదీ దగ్గరనుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.