ఒక్కసారి కట్టండి, ఎప్పటికీ వాడుకోండి

అహ్తి చేసిన అన్యాయం ఏమిటని అడిగితే మార్యుత్ మొదట బ్యాంకు అప్పు సంగతి ఎత్తదు. "ఊరికే ఫోనెత్తడమేగా నువ్వు చేసేది" అన్న మాట ఎత్తుతుంది. ఆమె సింకు దగ్గర చేపలు బాగుచేస్తూ, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని ఎవరో ముసలాయనకి సర్దిచెబుతున్నప్పుడు అన్నాడా మాట మొగుడు. ముసలాయన ఏడుపు సౌనా గురించి, అదే ఆవిరిస్నానం గది. శుక్రవారం సాయంత్రం తన వంతులోకి పై అంతస్తు వాళ్లు దూరి ఆవిరి పట్టుకుంటున్నారట. టాంపెరే ఊళ్లో బిల్డింగుకో సౌనా, ఇంటికి వారానికో గంట. శుక్రవారం వంతు దొరికినవాడు చచ్చేదాకా వదలడు. ఆ వంతులు ఫోన్లోనే రాసుకునే సాఫ్ట్‌వేర్ అహ్తి తయారుచేశాడు. తిట్లు తినే పని మార్యుత్‌ది. జీతం లేదు. ఇంట్లో మనిషికి జీతమేమిటి?

పళ్ల డాక్టరు దగ్గర పూటపని ఉండేది ఆమెకి. వాడి చూడమని ముందుగా ఊరికే ఇచ్చిన బిల్డింగుల నుంచి ఫోన్లు ఎక్కువయ్యాక మానేసింది. దాంతో పింఛను జమ కూడా ఆగింది. సాఫ్ట్‌వేర్ కోసం తెచ్చిన బ్యాంకు అప్పుకి హామీగా రువోవెసిలో నాన్న ఆమెకిచ్చిన అడవి పెట్టారు. "ఉత్త కాగితమే మార్యూ, మీ నాన్న చెట్లని ఎవడెత్తుకుపోతాడు" అన్నాడు. సంతకం పెట్టింది. ఆ చెట్లు తప్ప తనదంటూ ఈ భూమ్మీద ఇంకేం లేదని అప్పుడూ తెలుసు ఆమెకి.

అమ్మకం మొదలుపెట్టే వారం, ఏ ఆఫరు పెట్టాలన్న మాట భోజనాల దగ్గర వచ్చింది. మొదటి ఏడాది సగం ధరకిచ్చి ఆ తర్వాత ఏటా పూర్తి ధర తీసుకుందామని ఆమె. ఒక్కసారి మూడు వందల తొంభై యూరోలు కట్టించుకుని ఎప్పటికీ వాడుకోనిద్దామని అతను.

"రెండొందల బిల్డింగులు ఎగబడతాయి చూడు. ఒక్క దెబ్బకి బ్యాంకు నోరు మూతపడుద్ది."

"ఎప్పటికీ అంటే ఎవరు బతికున్నంతకాలం అహ్తీ? మనుషులకి అమ్మితే మనిషితో పోతుంది. మనం అమ్మేది బిల్డింగులకి. అవి చావవు. మనం పోయాక కూడా ఎవరో ఒకరు ఫోనెత్తుతూనే ఉండాలి."

అహ్తి పగలబడి నవ్వాడు. "ఇంకా నయం, సమాధిలోకి కూడా ఓ ఫోను లాగమనలేదు!"

అత్తగారు లెంపి బంగాళాదుంప తొక్క తీస్తూ తలెత్తలేదు. "వాడు చదువుకున్నవాడు, వాడికి తెలీదా? మీ మామయ్య వడ్రంగి కొట్టులో ముప్పై ఏళ్లు లెక్కలు రాశాను నేను. ఒక్కనాడు జీతమడిగానా?"

అడగాల్సింది అత్తయ్యా, మీరు అడిగుంటే ఇవాళ నేను ఈ కుర్చీలో కాస్త నిటారుగా కూర్చునేదాన్ని, అనుకుంది మార్యుత్. గిన్నెలు తీసింది.

చిత్రమేమిటంటే, వెబ్ పేజీ పెట్టేది కూడా ఆమే. రెండు ఆఫర్లూ ఎదురుగా ఉన్నాయి, వేలు తనదే. సగం ధర ఆఫరు నొక్కితే పట్టుకునేవాడు లేడు. నొక్కాక ఇంట్లో నెల రోజుల మూతిముడుపు, అత్తగారి నిట్టూర్పులు, ఏదైనా బెడిసికొడితే "నీ వల్లే" అన్న మాట జన్మంతా. ఇరవై రెండేళ్లుగా ఆ మాట తప్పించుకోవడానికే కదా ఎవరికీ ఎదురు చెప్పకుండా ఇల్లు నెట్టుకొస్తోంది. అతను చెప్పిందే నొక్కింది. తన మెడకి తనే ఉరి బిగించుకుంటున్నట్టు తెలిసే నొక్కింది.

వచ్చినవి అరవై ఒక్క బిల్డింగులు. ఏటేటా కట్టమన్నా సంతోషంగా కట్టి ఉండేవాళ్లంతా వాళ్లే. ఒక్కసారి కట్టి ఊపిరి పీల్చుకున్నారు. ఆ డబ్బు చలికాలం కూడా దాటలేదు. ఫోన్లు మాత్రం దాటాయి. తలుపు తెరుచుకోదంటారు, సౌనా పొయ్యి వేడెక్కదంటారు, అదేం మా పని కాదంటే "ఎప్పటికీ అన్నారుగా" అంటారు. స్నానాల గదిలోకి కూడా ఫోను పట్టుకెళ్లేది. ఒకరోజు తన పేరు అడిగితే సాఫ్ట్‌వేర్ పేరు చెప్పింది.

మంచు కరిగేసరికి, అప్పు తీర్చలేదని బ్యాంకు అడవి అమ్మేసింది. ఆ కబురు విని అహ్తి, "పోనీలే మార్యూ, ఈసారి నువ్వు చెప్పిన ఆఫరే పెడదాం. ఓ చిన్న అప్పు, నీ పేరు మీద..." అన్నాడు.

ఫోను మోగింది. ఆమె ఎత్తింది. పిస్పాలా పేట నుంచి ఎవరో పెద్దావిడ, తన వంతు కనపడటం లేదంటోంది.

"నేనిక్కడ పని మానేశానండీ."

"అయ్యో, ఎప్పుడమ్మా?"

"ఇప్పుడే. మా ఆయన ఇక్కడే ఉన్నాడు, ఆయనకిస్తాను."

"అదేంటమ్మా, ఎప్పటికీ చూసుకుంటామని రాశారుగా?"

"రాయించింది ఆయన. నేను కట్టాల్సింది కట్టేశాను. రువోవెసిలో పదిహేడున్నర హెక్టార్ల అడవి, నూట పది మీటర్ల సరస్సు ఒడ్డు."