సున్నపు గీత మీద నీడ

తడి దుప్పటిని రెండు చేతులా విదిలించి డాబా మీద తీగకు వేస్తోంది కోడలు. మనసు మాత్రం బట్టల మీద లేదు. తను గీసిన విశ్వవిద్యాలయ భవనానికి నడిమధ్యలో పైకప్పు లేని ఒక ముంగిలి ఉంది. చదువుకునే హాలుకు గాలి దాని గుండానే, కరెంటు లేకుండా రావాలి. ఇవాళ మీటింగులో దాన్ని మూసేయమంటారు. గోడ నుంచి గొళ్ళెం దాకా ప్రతిదీ ఎంత వేడి పట్టుకుంటుందో చెప్పి భవనాన్ని ముందుగా కంప్యూటర్లో కట్టి చూశారు. ఆ మోడల్ లెక్కలో ఎండాకాలం హాలు పెనంలా కాలిపోతోంది.

"ముంగిలి మూసేస్తే నా గొట్టాలు హాయిగా పోతాయి. నీకెందుకింత పట్టుదల?" మెట్ల మీంచి అడిగాడు భర్త. ఆ భవనానికి చల్లగాలి యంత్రాలు అమర్చే ఇంజనీరు ఆయనే.

"మీ గొట్టాలు పోగా మిగిలిన చోట పిల్లలు కూర్చోవాలా?"

"పొద్దున్నే మొదలెట్టారూ! మీ కాపురంలో లేని తగాదాలన్నీ ఆ భవనంలోనే ఉన్నాయి," వంటగదిలోంచి అత్తగారు.

నవ్వాపుకుంటూ ఆమె తలెత్తింది. వీధి చివర ఆ భవనం కట్టబోయే స్థలం. హాలు పొడవాటి గోడ లేచే చోట సున్నపు గీత గీసి కర్ర గుంజలు పాతారు. అప్పుడే ఎక్కుతున్న ఎండలో గుంజల నీడలు ఆ గీత వెంబడే పడుకుని ఉన్నాయి.

కంప్యూటర్లో పొద్దుటి ఎండ ఆ గోడకు సూటిగా కదా తగిలేది! గీయడం తేలికవుతుందని స్థలాన్ని తెర మీద నిటారుగా తిప్పుకుంది. అసలు ఉత్తరం ఎటో మోడల్‌కు చెప్పడం మరిచిపోయింది. ఇన్నాళ్ళూ తన భవనం తప్పుడు సూర్యుడి కింద మాడుతోంది.

బట్టలు బకెట్లోనే వదిలేసి కిందికి పరుగెత్తింది. లాప్‌టాప్ తెరిచి, మోడల్లో ఉత్తర దిక్కును సరిచేసి, ఏడాది పొడవునా సూర్యుణ్ణి నడిపించింది.

వేసవి ఎండ కిటికీల పైన తను పెట్టిన చూరు అంచు దాకా వచ్చి ఆగిపోయింది. రోజులు గడిచేకొద్దీ కిందికి దిగి, చలికాలానికి పుస్తకాల అరలను ఒక్కొక్కటే తడుముతూ చివరి గోడ దాకా పాకింది. ముంగిట్లోంచి వేడిగాలి పైకి లేస్తోంది, హాలంతా ఊపిరి పీలుస్తున్నట్టు. గీసింది తానే. అయినా ఒళ్ళు గగుర్పొడిచింది.

గరిటె పట్టుకుని వచ్చిన అత్తగారు కళ్ళార్పలేదు. "ఇంకా పునాది కూడా తియ్యలేదు కదే అమ్మాయ్! అప్పుడే లోపల ఎండ కాస్తోందే!"

భర్త వెనకాల ఎప్పుడొచ్చి నిలబడ్డాడో! వేడి లెక్క సగానికి పడిపోయింది. అంటే ఆయన నెలల తరబడి మలిచిన పెద్ద గొట్టాలతో ఇక పనిలేదు. ఏదో ఒక ఎత్తిపొడుపు వస్తుందని ఆమె కాచుకుంది.

ఆయన వంగి మౌస్ అందుకున్నాడు. ముంగిలి మీదుగా పోయే గొట్టాన్ని ఎంచుకుని చెరిపేశాడు. దాని పక్కది కూడా. ఖాళీ అయిన చోట వెలుతురు నిండడం కాసేపు చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత ఆయనే ఆమె లాప్‌టాప్ మూసి, తన సంచిలో జాగ్రత్తగా పెట్టుకుని, చెప్పులేసుకుని, ముంగిలి మూయొద్దని చెప్పడానికి మీటింగుకు బయల్దేరాడు.